భద్రత దృష్ట్యా ఒక కొత్త స్క్రీన్

ముందే ఒక మాట తేల్చేయాలి. మా చిన్న విమానానికి టచ్ స్క్రీన్ ఉన్న కొత్త జీపీఎస్‌ని మేం సరదా కోసం కొనలేదు. భద్రత దృష్ట్యా కొన్నాం.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం ముగ్గురం కలిసి సెస్నా 172 అనే చిన్న విమానం ఒకటి పెట్టుకున్నాం. దాని వయసు మా ముగ్గురిలో ఎవరికన్నా ఎక్కువే. తలుపు రెండుసార్లు గట్టిగా లాగితేగానీ పడదు. అందులో గార్మిన్ జీఎన్ఎస్ 430 అనే జీపీఎస్ ఉండేది. 1998లో వచ్చిన మోడల్. అప్పట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే కాస్త చెడగొట్టి వదిలేది. 2000 మే నెలలో గానీ ఆ పని మానలేదు. ఆ కాలపు పెట్టె మమ్మల్ని ఇన్నేళ్ళూ టెక్సస్‌లోనే ఉన్న వేకో అనే ఊరికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. ఒక్కసారి కూడా దారి తప్పించలేదు. మా అనుమానం అక్కడే మొదలైంది. ఇన్నేళ్ళు తప్పు చెయ్యనిది ఇక ఎప్పుడైనా చెయ్యొచ్చు.

వేకోకి ఎందుకంటే, తినడానికి. ఇక్కడి చిన్న విమానాల వాళ్ళు ఈ ప్రయాణాన్ని 'వంద డాలర్ల హాంబర్గర్' అంటారు. ఆ వంద ఏనాడో చాలడం మానేసింది. దారి పొడవునా కింద ఐ-35 హైవే కనిపిస్తూనే ఉంటుంది. అది వేకో దాకా పోతుంది. అయినా రోడ్డును ఎంతవరకు నమ్మగలం?

పాతదాంట్లో ఎయిర్‌పోర్టు కోడ్ కొట్టడం ఎంత అనాగరికమో చెప్తాను. నాబ్ లోపల ఇంకో నాబ్. పెద్దది తిప్పితే కర్సర్ పక్క గడికి పోతుంది, చిన్నది తిప్పితే అక్షరం మారుతుంది. వేకోకి కే, ఏ, సీ, టీ. టీ రావాలంటే టక టక టక టక. చెయ్యి ఆగకపోతే యూ వచ్చేస్తుంది, మళ్ళీ వెనక్కి ఒక టక్. రోట్లో పిండి రుబ్బుతున్నట్టు ఆకాశంలో ఈ తిప్పుడేంటి?

ముగ్గురం మీటింగ్ పెట్టుకున్నాం. పాతది చెడిపోతే స్పేర్ పార్టులు దొరకడం కష్టమైపోతోందని ఒకాయన అన్నాడు. అది నిజమైన కారణం. కాబట్టి దానిమీద రెండు నిమిషాలకు మించి మాట్లాడలేదు. కొత్తదానితో అయితే ఉపగ్రహాల సాయంతోనే, మబ్బుల్లోంచి, చాలాచోట్ల నేలకి 200 అడుగుల ఎత్తు దాకా దిగిరావచ్చు అని నేనన్నాను. అందరూ తలలూపారు. మేం ఎండ కాసే శనివారాల్లో తప్ప ఎగరం. మబ్బు పట్టిన రోజు ఇర్వింగ్ వెళ్ళి బిర్యానీ తింటాం.

ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకి కూడా వివరించాను.

"ఇప్పుడున్నది దారి తప్పిస్తోందట్రా?"

"లేదమ్మా."

"మరి?"

"భద్రతమ్మా."

"పాడవని మిక్సీ మార్చేశానంటే మీ నాన్న ఊరుకునేవారా?"

సాంకేతిక విషయాలు ఇంట్లో చర్చించకూడదు.

పాతది లాగేసి అదే ట్రేలో తోసేసే టచ్ స్క్రీన్ కూడా ఒకటుంది, అవిడైన్ వాళ్ళది. మాకైతే దాంతోపాటు యాంటెన్నా మారిస్తే చాలు. తోసిపుచ్చాం. అంత సులువుగా అయిపోయే పనికి గౌరవం ఏముంటుంది?

విమానం షాపుకెళ్ళింది. ప్యానెల్ విప్పారు. మూడు వారాలన్నారు, మూడున్నర నెలలైంది. వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట ఒకటే: "ఎలాగూ విప్పాం కదా." ఇల్లు కట్టించినవాళ్ళకి ఈ మాట తెలుసు. ఎలాగూ గోడ పగలగొట్టాం కదా అని మేస్త్రీ అంటాడు చూడండి, అదే రాగం. ఎలాగూ విప్పాం కదా అని యాంటెన్నా, యాంటెన్నా మార్చాం కదా అని దాని కేబుల్, కేబుల్ లాగాం కదా అని పక్కనున్న పాత వైర్లు. చివర్లో రెండు యూఎస్‌బీ పోర్టులు. ఐప్యాడ్ ఛార్జింగ్‌కి. అవును, అదీ ఉంది. ముగ్గురికీ మోకాలి మీద ఐప్యాడ్ ఉంటుంది. మ్యాపు, వాతావరణం, పక్కన ఎగిరే విమానాలు, అన్నీ అందులోనే చూసుకుంటాం. మబ్బుల్లో మాత్రం దాన్నే దిక్కుగా పెట్టుకుని దిగడానికి రూల్స్ ఒప్పుకోవు. మబ్బుల సంగతి పైనే చెప్పాను.

మొత్తానికి, విమానంలో చేసిన మార్పులు ప్రభుత్వానికి రాసిచ్చే ఫారం 337 నింపారు. కొత్త వైర్ల వల్ల విమానం బరువు కాస్త తగ్గిందని లెక్క తేలింది. మా ముగ్గురి బరువు సంగతి ఆ కాగితంలో లేదు.

టచ్ స్క్రీన్లు గిట్టనివాళ్ళు కొందరు అమెరికా నౌకాదళాన్ని ముందుకు తెస్తారు. 2017లో సింగపూర్ దగ్గర జాన్ ఎస్ మెకెయిన్ అనే యుద్ధనౌక ప్రమాదంలో పదిమంది నావికులు చనిపోయారు. విచారణ తర్వాత, 2019లో, నౌకల వేగం మార్చే టచ్ స్క్రీన్ థ్రాటిళ్ళు తీసి మళ్ళీ చేత్తో తోసేవే పెడతామని నౌకాదళం ప్రకటించింది. వాళ్ళకి అనుభవం ఉండొచ్చు. మాకు రసీదు ఉంది.

మొదటి ప్రయాణం జులైలో, మధ్యాహ్నం రెండింటికి. టెక్సస్ ఎండకి నేల మీంచి వేడిగాలి లేస్తుంటే సెస్నా పల్లెవెలుగు బస్సులా ఎగిరెగిరి పడుతోంది. రేడియో ఫ్రీక్వెన్సీ కొట్టాలి. 9 మీద పెట్టిన వేలు 6 మీద పడింది. తుడిచి మళ్ళీ కొట్టాను. ఈసారి వేలు తుడిచే బటన్ మీదే పడింది. స్క్రీన్ అంచున బొటనవేలు ఆనించి కొట్టమని మాన్యువల్‌లో ఉంది. బొటనవేలు ఆనింది, మిగతా చెయ్యి ఆగలేదు. అప్పుడు కనిపించింది, కింద మూలన. నాబ్ లోపల ఇంకో నాబ్. టక టక టక. ఒక్కసారికే కుదిరింది.

వెనక సీట్లోంచి అమ్మ తొంగిచూసింది. "ఇది పాతదానికి కూడా ఉండేదన్నావు కదరా?"

హెడ్‌సెట్ సరిగా వినిపించడం లేదన్నాను.

28 రోజులకోసారి డేటాబేస్ అప్‌డేట్ చేస్తున్నాం, వేకో రన్‌వే ఎటైనా జరిగిందేమోనని. పాత 430ని ఓక్లహోమాలో ఒకాయన కొనుక్కున్నారు. ఆయన విమానంలో అంతకన్నా పాత జీపీఎస్ ఉందట, ఇప్పటికీ బాగానే పనిచేస్తోందట. మరి ఎందుకు మారుస్తున్నారని అడిగాను.

భద్రత దృష్ట్యా అన్నారు.