గెలిచే జట్టు ఎక్కడ ఆగాలి?

1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు అమెరికాను 24-1 తేడాతో చిత్తు చేసింది. రూప్ సింగ్ పది గోల్స్ కొడితే, అన్న ధ్యాన్‌చంద్ ఎనిమిది కొట్టాడు. అమెరికాకు దక్కిన ఆ ఒక్క గోల్ కూడా మన గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్ తన చోటు వదిలి ప్రేక్షకులకు ఆటోగ్రాఫ్‌లు ఇస్తున్న సమయంలో పడిందని ఒక కథ ప్రచారంలో ఉంది. పోటీకి వచ్చినవి మూడే జట్లు కాబట్టి అమెరికన్లు రెండు మ్యాచ్‌లూ ఓడిపోయి కూడా కాంస్యం పట్టుకెళ్లారు. తొంభై ఏళ్లకు పైగా ఆ స్కోరును మనం గర్వంగానే చెప్పుకుంటున్నాం. పదిహేనో గోల్ తర్వాత ఆగి ఉండాల్సిందని అన్నవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఆటోగ్రాఫ్ కథనైతే ముచ్చటపడి చెబుతాం.

మహిళల ఐస్ హాకీకి ఇంత ఉదారమైన శ్రోతలు దొరకరు. అక్కడ స్కోరు రెండంకెలకు చేరగానే రెండు విమర్శలు ఒకేసారి లేస్తాయి. గెలిచినవాళ్లకు కనికరం లేదన్నది ఒకటి. ఇంత తేడా ఉన్న ఆటకు పెద్ద వేదిక ఎందుకన్నది మరొకటి. మొదటిది క్రీడాకారిణుల స్వభావం మీద తీర్పు, రెండోది ఆ ఆట మనుగడ మీదే తీర్పు. అమెరికా కాలేజీ హాకీలో ఈ చర్చ ఏటా ఏదో ఒక మ్యాచ్ తర్వాత మళ్లీ మొదలవుతుంది. స్కోరు బోర్డును చూసి క్రీడాస్ఫూర్తిని కొలవడం తప్పని నా అభిప్రాయం. తేడా ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా గెలిచిన అమ్మాయిలను సంజాయిషీ అడగడం అంతకంటే తప్పు.

ముందు కాలేజీ హాకీ సంగతి. చదువు చెప్పే సంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదన్న టైటిల్ 9 చట్టం అమెరికాలో 1972లోనే వచ్చినా, మహిళల ఐస్ హాకీకి జాతీయ కాలేజీ క్రీడా సంఘం ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ పెట్టింది 2001లో. తొలి పదమూడు టైటిళ్లను మూడే మూడు విశ్వవిద్యాలయాలు పంచుకున్నాయి: మిన్నెసోటా డులూత్, మిన్నెసోటా, విస్కాన్సిన్. మూడూ పక్కపక్కనున్న రెండు రాష్ట్రాలవే. 2012-13లో మిన్నెసోటా ఆడిన 41 మ్యాచ్‌లూ గెలిచింది. అంతకుముందు సీజన్‌లో మొదలై తర్వాతి సీజన్ దాకా సాగిన ఆ వరుస విజయాల సంఖ్య 62. 2015-16లో విస్కాన్సిన్ గోల్‌కీపర్ ఆన్-రెనే డేబియన్ 21 మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇలాంటి జట్ల ముందు నిన్నమొన్న పుట్టిన జట్టు నిలబడితే ఏమవుతుందో ఊహించడానికి హాకీ తెలిసి ఉండక్కర్లేదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం కూడా ఉంది. కాలేజీ, అంతర్జాతీయ మహిళల ఐస్ హాకీలో ప్రత్యర్థిని శరీరంతో ఢీకొట్టి ఆపడం నిషిద్ధం. 1990లో జరిగిన తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దానికి అనుమతి ఉండేది, ఆ తర్వాత తీసేశారు. మంచి నిర్ణయమే. ఆట వేగంగా, పాసుల మీద నడిచేలా మారింది. అయితే బలహీనమైన జట్టు చేతిలో ఉన్న ఒక మొరటు ఆయుధం దానితో పోయింది. స్కేటింగ్‌లో ఒక అడుగు వెనకబడితే ఆ లోటును బలంతో పూడ్చుకునే దారి లేదు. నైపుణ్యంలో ఉన్న తేడా వడకట్టినట్టు నేరుగా స్కోరులోకి దిగుతుంది.

మరి ఆఖరిదైన మూడో పీరియడ్ మొదలయ్యేసరికి 8-0తో ముందున్న కోచ్ ఏం చేయాలి? కనికరం లేదని విమర్శించేవాళ్లలో చాలామందికి హాకీ బెంచి ఎలా నడుస్తుందో తెలియదనుకుంటాను. ముగ్గురేసి ఫార్వర్డ్‌లతో నాలుగు లైన్లు ఉంటాయి. ఒక్కో లైను నిమిషం లోపే ఆడి బయటికి వచ్చేస్తుంది. గట్టి పోటీలో నాలుగో లైను పెద్దగా మంచు మీదికి దిగదు. కాబట్టి పెద్ద ఆధిక్యం వచ్చినప్పుడు మర్యాద తెలిసిన కోచ్ చేసే పనులు స్పష్టంగానే ఉంటాయి. మొదటి లైనును కూర్చోబెడతాడు, నాలుగో లైనుకు ఎక్కువ సమయం ఇస్తాడు, రెండో గోల్‌కీపర్‌ను దింపుతాడు. ప్రత్యర్థికి రెండు నిమిషాల శిక్ష పడి ఐదుగురు నలుగురి మీద ఆడే అవకాశం వస్తే, దానికి తన మేటి ఐదుగురిని పంపడు.

అంతవరకే. ఆ నాలుగో లైను అమ్మాయికి గోల్ కొట్టవద్దని చెప్పే హక్కు మాత్రం ఏ కోచ్‌కూ లేదు. తెల్లవారుజామున లేచి మొదటి లైను వాళ్లతో సమానంగా సాధన చేసి, సీజన్‌లో ఎక్కువ భాగం బెంచి మీద గడిపిన అమ్మాయి ఆమె. ఇంటి నుంచి తల్లిదండ్రులు వచ్చి చూసే మ్యాచ్ కూడా బహుశా ఇదే. స్కోరు పదకొండు అవుతుందన్న భయంతో ఆమె చేతికి వచ్చిన షాట్‌ను ఆపితే, ఎదుటి జట్టు పరువు కాపాడటానికి సొంత జట్టులో అందరికంటే బలహీనురాలి చేత మూల్యం కట్టించినట్టవుతుంది.

ఓడుతున్న జట్టు వైపు నుంచి చూసినా అంతే. పక్‌ను (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్లను) అటూ ఇటూ తిప్పుతూ, షాట్ కొట్టకుండా, గడియారం కరిగేదాకా ఆడించడాన్ని కొందరు పెద్దమనసు అంటారు. మేనల్లుడితో క్యారమ్స్ ఆడుతూ కావాలని ఓడిపోయే మామయ్య ఆట అది. ఐదేళ్ల పిల్లవాడికి సరదా, ఇరవై ఏళ్ల క్రీడాకారిణికి అవమానం. యాభై షాట్లు ఆపిన గోల్‌కీపర్ యాభై ఒకటోదాన్ని ఆపాలనే చూస్తుంది. ఎదుటివాళ్లు జాలిపడి షాట్లు మానేస్తే, ఆ రాత్రి ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్క పని కూడా పోతుంది. పైగా కాలేజీ హాకీలో సాధారణంగా ఒకే జట్టుతో శుక్రవారం ఒక మ్యాచ్, శనివారం ఒక మ్యాచ్ ఆడతారు. శుక్రవారం తొమ్మిది గోల్స్ తిన్న జట్టుకు మర్నాడు ఏది సరిదిద్దుకోవాలో తెలియాలంటే, ముందురోజు ఎదుటి జట్టు నిజంగా ఆడి ఉండాలి.

స్కూలు పిల్లల సంగతి వేరు. ఆధిక్యం ఒక హద్దు దాటాక గడియారాన్ని ఆపకుండా నడిపే నియమం అమెరికాలో చాలా రాష్ట్రాల హైస్కూలు హాకీలో ఉంది. అది అవసరమే. కాలేజీ స్థాయిలో అలాంటిది లేదు, ఉండకూడదనే అంటాను. గడియారం పరుగెడితే మొదట నష్టపోయేది మళ్లీ ఆ నాలుగో లైనే.

హద్దు మీరడం అంటూ నిజంగా ఒకటి ఉంది. దాని ఆనవాళ్లు స్కోరులో కాక ప్రవర్తనలో కనిపిస్తాయి. 2009 జనవరిలో టెక్సస్‌లో ఒక బాలికల హైస్కూలు బాస్కెట్‌బాల్ మ్యాచ్ 100-0తో ముగిసింది. ఓడినవాళ్లు చదువులో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లల కోసం నడిచే చిన్న బడి విద్యార్థినులు. ఆఖరి క్వార్టర్‌లోనూ మూడు పాయింట్ల షాట్లు వేస్తూనే ఉన్నారని చూసినవారు చెప్పారు. గెలిచిన బడి క్షమాపణ చెప్పింది, ఆ క్షమాపణతో విభేదించిన కోచ్ ఉద్యోగం పోయింది. అక్కడ తప్పు వంద అన్న అంకెలో లేదు. పందెం ముగిసిందని తెలిశాక కూడా వ్యూహాన్ని మార్చకపోవడంలో ఉంది. పన్నెండో గోల్‌కు మంచు మీద పడి చేసే సంబరం కూడా నా లెక్కలో ఈ కోవలోదే. గోల్ కొట్టు, చేతులు కలుపు, బెంచికి వెళ్లు.

ఒలింపిక్ ఐస్ హాకీ నుంచి మరో ఉదాహరణ. 2008 సెప్టెంబరులో లాత్వియాలోని లియెపాయాలో జరిగిన అర్హత పోటీలో స్లోవేకియా మహిళలు బల్గేరియాను 82-0తో ఓడించారు. సగటున 44 సెకన్లకో గోల్. సమాన పాయింట్లు వస్తే గోల్స్ తేడా లెక్కకు వచ్చే పోటీ అది. అలాంటి చోట ఆగమనడం మరీ అన్యాయం. అదే స్లోవేకియా 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కు వెళ్లి కెనడా చేతిలో 18-0తో ఓడింది. ఆ జట్టు గోల్‌కీపర్ జుజానా తొమ్చికోవా అప్పటికి మిన్నెసోటాలోని బెమిడ్జీ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడుతోంది. మరుసటి ఏడాది, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే వచ్చింది. పద్దెనిమిది గోల్స్ ఆమెను ముగించలేదు. వారం వారం మేటి జట్ల షాట్లు ఎదుర్కొనే కాలేజీ లీగ్ ఆమెను తయారుచేసింది. ఫిన్లాండ్ గోల్‌కీపర్ నూరా రాటీ మిన్నెసోటాకు, స్వీడన్ గోల్‌కీపర్ కిమ్ మార్టిన్ డులూత్‌కు ఆడారు. చిన్న హాకీ దేశాల ఆటను పెంచిన బడులు ఈ ఏకపక్ష స్కోర్ల లీగులోనే ఉన్నాయి.

అయినా వాంకూవర్‌లో ఆ స్కోర్లు చూసి అప్పటి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు జాక్ రోగ్, పరిస్థితి మెరుగుపడకపోతే మహిళల ఐస్ హాకీని కొనసాగించలేమని హెచ్చరించారు. ఇది ఉత్తుత్తి బెదిరింపు అనుకోవడానికి లేదు. 2004 ఏథెన్స్‌లో అమెరికా సాఫ్ట్‌బాల్ మహిళలు 51 పరుగులు చేసి ఒక్కటే ఇచ్చారు. మరుసటి ఏడాది సింగపూర్‌లో ఒలింపిక్ కమిటీ సాఫ్ట్‌బాల్‌ను తొలగించింది, ఓట్లు 52-52గా సమానమై దానికి మెజారిటీ దక్కలేదు. అమెరికా ఆధిపత్యం అందుకు ఒక కారణమని అప్పట్లో చాలామంది అన్నారు. తీరా 2008 బీజింగ్ ఫైనల్‌లో జపాన్ అదే అమెరికాను 3-1తో ఓడించింది. ఇక పురుషుల ఐస్ హాకీలో 1949లో కెనడా డెన్మార్క్‌పై 47-0తో, 1987లో ఆస్ట్రేలియా న్యూజీలాండ్‌పై 58-0తో గెలిచాయి. పురుషుల ఐస్ హాకీని ఎత్తేయాలని అప్పుడెవరూ అనలేదు. మహిళలు మాత్రం బాగా ఆడితే ఆటకు పోటీ లేదంటారు, తగ్గి ఆడితే నాణ్యత లేదంటారు.

కాలేజీ హాకీలో పెద్ద స్కోరు వల్ల వచ్చే లాభం కూడా ఏమీ లేదు. జాతీయ టోర్నీకి జట్లను ఎంచే లెక్కల్లో గెలుపు, ఓటమి, ప్రత్యర్థుల బలం ఉంటాయి. ఎన్ని గోల్స్ తేడా అన్నది ఉండదు. 10-0 గెలుపూ 2-1 గెలుపూ అక్కడ ఒకటే. కాబట్టి ఈ లీగులో స్కోర్లు పెరగడానికి దురాశ కారణం కాదు, జట్ల స్థోమతలోని అంతరమే కారణం. మిన్నెసోటాకు 2002 నుంచే మహిళల హాకీ కోసం ప్రత్యేకంగా కట్టిన రిడర్ అరీనా ఉంది. విస్కాన్సిన్‌కు 2012లో లాబాన్ అరీనా వచ్చింది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట కోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వవు. సెయింట్ ఆన్సెల్మ్, ఫ్రాంక్లిన్ పియర్స్ లాంటివి మిగతా ఆటల్లో రెండో డివిజన్ కాలేజీలు. వీళ్లందరినీ ఒకే డివిజన్‌లో ఉంచి, స్కోరు ఏకపక్షమైందని ముక్కున వేలేసుకోవడం వింతగా ఉంటుంది.

ఇంత అంతరంలోనూ పైవరుస ఇరుకవుతోంది. 2014లో న్యూయార్క్ రాష్ట్రంలోని చిన్న విశ్వవిద్యాలయం క్లార్క్‌సన్ మిన్నెసోటాను 5-4తో ఓడించి ఆ రెండు రాష్ట్రాల గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టింది. 2016లో నలభై మ్యాచ్‌లు వరసగా గెలిచి ఫైనల్‌కు వచ్చిన బోస్టన్ కాలేజీ అక్కడ ఓడిపోయింది. 2022, 2024 టైటిళ్లు ఒహాయో స్టేట్‌వి. 2025 ఫైనల్‌లో, ఏడాదంతా ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన విస్కాన్సిన్ చివరి ఇరవై సెకన్లలో పెనాల్టీ షాట్‌తో స్కోరు సమం చేసి, అదనపు సమయంలో ఒహాయో స్టేట్‌పై 4-3తో బయటపడింది. టోర్నీకి వచ్చే జట్ల సంఖ్య కూడా మొదట్లో నాలుగు ఉండేది, ఇప్పుడు పదకొండు.

మిన్నెసోటా 62 వరుస విజయాలను 2013 నవంబరులో తెంచిన జట్టు నార్త్ డకోటా. ఆ జట్టు ఇప్పుడు లేదు. బడ్జెట్ కోతల పేరుతో ఆ విశ్వవిద్యాలయం 2017 మార్చిలో మహిళల హాకీని రద్దు చేసింది. ఏడాది తిరగకుండానే ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్ ఫైనల్‌లో, నార్త్ డకోటాకు ఆడిన కవలల్లో మొనీక్ లామరూ కెనడాపై స్కోరు సమం చేసింది, జోస్లిన్ షూటౌట్‌లో అమెరికాకు స్వర్ణం తెచ్చింది. తేడాలు తగ్గించగల జట్టును మూసేసిన ఆ నిర్ణయం మీద ఎంత చర్చ జరగాలో, ఎవరో నాలుగో లైను అమ్మాయి కొట్టిన పదకొండో గోల్ మీద అంత జరుగుతోంది.