శతఘ్నికి ఒక కొలత, రైలు పట్టాకు మరో కొలత

2025 మే 6న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో టెరిటోరియల్ ఆర్మీ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఏడాదిలో కొంతకాలం మాత్రమే యూనిఫాం వేసుకునే ఈ స్వచ్ఛంద సైనికులను అవసరాన్ని బట్టి పూర్తికాలపు విధుల్లోకి పిలిపించుకునే అధికారం ఆర్మీ చీఫ్‌కు దఖలుపడింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14ను మోహరించేందుకు అనుమతి లభించింది. మోహరింపు లెక్కలో ఉన్నవన్నీ పదాతి బెటాలియన్లే, శతఘ్ని దళాల ఊసు లేదు.

1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ఈ సైన్యాన్ని ప్రారంభించిన తొలినాళ్లలో పరిస్థితి వేరు. అప్పట్లో గగనతల రక్షణ యూనిట్లు, తీర రక్షణ బ్యాటరీలు (శతఘ్ని దళాలు), ఇంజనీర్ల సామగ్రిని చూసుకునే ఫీల్డ్ పార్క్ కంపెనీలు, సిగ్నల్ రెజిమెంట్లు కూడా ఇందులో ఉండేవి. 1972 నాటికి పదాతి తప్ప మిగిలినవాటిని రద్దు చేశారు, లేదా రెగ్యులర్ సైన్యంలో కలిపేశారు. రైల్వే వంటి శాఖల సిబ్బందితో ఏర్పడిన యూనిట్లు మాత్రం తమ దారిన కొనసాగాయి. శతఘ్నుల విషయంలో ఆ నిర్ణయం సరైనదేనని, ఇంజనీర్ల విషయంలో మాత్రం అదే తర్కం చెల్లదని నా అభిప్రాయం.

శతఘ్ని దగ్గర జరిగే పని చూస్తే కారణం అర్థమవుతుంది. ఒకరు దృశ్య పరికరంలో చూస్తూ గొట్టాన్ని గురికి తెస్తారు, ఒకరు గుండును పేల్చే ఫ్యూజు సరిచేస్తారు, ఇంకొకరు గుండు ఎక్కిస్తారు. దూరాన ఉన్న పరిశీలకుడు రేడియోలో చెప్పే సవరణను బ్యాటరీలోని లెక్కలవాళ్లు అంకెలుగా మార్చి అందిస్తారు. గొట్టం దిశ డిగ్రీలో పదో వంతు తప్పినా పది కిలోమీటర్ల దూరంలో గుండు 17 మీటర్లు పక్కకు పోతుంది. ఇదంతా చీకట్లో, వానలో, నిద్ర లేని మూడో రాత్రి కూడా తడుముకోకుండా చేయాలి. బయట ఏ ఉద్యోగంలోనూ అబ్బే నేర్పు కాదిది. హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్‌లో అగ్నివీరుల శిక్షణకు 31 వారాలు పెట్టుకున్నారు. పట్టణ ప్రాంత టెరిటోరియల్ యూనిట్లకు ఏటా దొరికే శిబిరం దాదాపు నెల రోజులు. ఆ నెలలో నేర్చుకున్నది మిగిలిన పదకొండు నెలల్లో మరుగున పడిపోతుంది.

ఈ పాఠాన్ని బ్రిటన్ ఏనాడో ఖరీదు చెల్లించి నేర్చుకుంది. ఫ్రాన్స్ దండెత్తుతుందన్న భయంతో 1859లో అక్కడ స్వచ్ఛంద దళాలు పుట్టుకొచ్చాయి. తీర పట్టణాల్లో శతఘ్ని దళాలు, ఆ వెంటనే ఇంజనీరు దళాలు ఏర్పడ్డాయి. 1863 చట్టం తర్వాత, నిర్ణీత సంఖ్యలో డ్రిల్లులకు హాజరై తనిఖీలో నెగ్గిన ప్రతి మనిషికీ 'సమర్థుడు' అన్న ముద్ర వేసి, తలకు ఇంత చొప్పున దళానికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. డబ్బు హాజరుతో ముడిపడితే రిజిస్టరు నిండుతుందే గాని గురి కుదరదు. 1904లో ఈ దళాలపై విచారణ జరిపిన నార్‌ఫోక్ కమిషన్ ఆ ముద్రను లెక్కచేయకుండా, అధికారుల సైనిక విద్యలో హెచ్చుతగ్గులు, జవాన్ల అరకొర శిక్షణ, ఆయుధాల లోపాల వల్ల ఈ దళం రెగ్యులర్ సైన్యాన్ని ఎదుర్కోజాలదని తేల్చింది. 1908లో యుద్ధ మంత్రి హాల్డేన్ దాని స్థానంలో టెరిటోరియల్ ఫోర్స్‌ను నిలిపినప్పుడు, యుద్ధం మొదలయ్యాక ఆరు నెలల శిక్షణ ఇస్తేగాని అది పనికిరాదని ముందే లెక్క వేసుకున్నాడు. పైగా ఆ ఫీల్డ్ బ్యాటరీలకు దక్కినవి 15 పౌండ్ల గుండు పేల్చే, మార్పులు చేసిన పాత శతఘ్నులు, 18 పౌండ్ల గుండు పేల్చే కొత్తవి రెగ్యులర్లకు వెళ్లాయి. మనిషిని చిన్నచూపు చూసిన వ్యవస్థ అతని చేతికిచ్చే ఆయుధాన్నీ అలాగే చూసింది. దీనికి ఆ స్వచ్ఛంద సైనికులను తప్పుపట్టడం అన్యాయం.

ఇంజనీర్ల కథ అదే దేశంలో, అదే కాలంలో వేరుగా నడిచింది. క్రూ పట్టణంలోని లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఉద్యోగులతో 1887లో ఏర్పడిన స్వచ్ఛంద రైల్వే ఇంజనీరు దళం దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి మనుషులను పంపింది. క్రాంప్టన్ నాయకత్వంలో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్లు 1900లో సెర్చ్‌లైట్లతో దక్షిణాఫ్రికా చేరారు. క్రాంప్టన్ స్వయంగా విద్యుత్ పరిశ్రమలో పేరుమోసిన ఇంజనీరు. వీళ్లు శిబిరంలో కొత్తగా వృత్తి నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది. వృత్తిని యుద్ధ పరిస్థితుల్లో చేయడం నేర్చుకుంటే సరిపోయింది.

మన రైల్వే ఇంజనీరు రెజిమెంట్ల బలమూ ఇదే. తెగిన పట్టాను కోసి, కొత్త ముక్క అమర్చి, పట్టాలను కలిపే ఫిష్‌ప్లేటు బోల్టులు బిగించి, స్లీపర్ల కింద కంకర కూరే పని గ్యాంగ్‌మన్‌కు నిత్యకృత్యం. లోకో పైలట్‌కు, స్టేషన్ మాస్టరుకు ఏడాదంతా నడిచేది శిక్షణే. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఈ యూనిట్లను రంగంలోకి దించారు. 1974 రైల్వే సమ్మెలోనూ వాడుకున్నారు. తోటి కార్మికుల సమ్మెలో రైళ్లు నడిపించిన ఘనతను యుద్ధ సామర్థ్యంగా జమకట్టడం నాకు సమ్మతం కాదు.

జమాల్‌పూర్, ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, సికింద్రాబాద్‌లలో ఉన్న ఆరు రెజిమెంట్లలో ఒక్క జమాల్‌పూర్‌ను ఉంచి మిగిలిన ఐదింటినీ రద్దు చేయాలని 2021లో రైల్వే బోర్డు నిర్ణయించింది. సిలిగురి మీదుగా అస్సాంలోని రంగియా వరకున్న 361 కిలోమీటర్ల మార్గానికే అవసరముందన్నది దాని లెక్క. సరిహద్దును బట్టి చూస్తే ఆ లెక్కలో తర్కం లేకపోలేదు. కానీ క్షిపణులు, డ్రోన్లు వందల కిలోమీటర్లు లోపలికి వచ్చే ఈ రోజుల్లో ఏ వంతెన సరిహద్దుకు ఎంత దూరంలో ఉందన్నది పాత కొలబద్ద. దక్షిణాదిన విజయవాడ, కాజీపేట వంటి జంక్షన్లు దెబ్బతింటే సైనిక రైళ్లు ఆగిపోతాయి. సికింద్రాబాద్ రెజిమెంటును అటకెక్కించే ముందు ఈ కోణాన్ని తూచవలసింది.

ఇకపై ఇలాంటి యూనిట్లను అంచనా వేసేటప్పుడు శిబిరానికి ఎన్ని రోజులు హాజరయ్యారన్న లెక్కను పక్కన పెట్టి, పనికి పట్టిన సమయాన్ని కొలవాలి. ముందస్తు కబురు లేకుండా రాత్రి పిలిచి, పేల్చేసిన లైనును ఎన్ని గంటల్లో నడకకు తెచ్చారో చూడాలి. సభ్యుల్లో ఎందరు ఇప్పటికీ ట్రాక్ మీదే పనిచేస్తున్నారో, ఎందరు పదోన్నతిపై ఆఫీసు కుర్చీలకు చేరారో ఏటా సరిచూడాలి. చేతి పని మానేసిన ఇంజనీరు సైనికుడి సామర్థ్యం రిజిస్టరులో ఎక్కడా కనబడకుండానే తరిగిపోతుంది. ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ సిబ్బందితో ఉన్న టెరిటోరియల్ యూనిట్లకూ ఇదే పరీక్ష పెట్టాలి, అక్కడ పట్టాల బదులు పైపులైను ఉంటుంది.