గేటు దగ్గర కొలువుదీరిన క్రోటన్ గారికి

క్రోటన్ గారూ,

హన్మకొండలో ఏ కాలనీకి పోయినా గేటుకు అటూ ఇటూ తమరే. పసుపు మచ్చలు, ఎర్రటి ఈనెలు, కొందరికైతే ఆకు మెలి తిరిగి మరీ ఉంటుంది. ఎక్కడో మలేషియా, పసిఫిక్ దీవుల వైపు పుట్టి, కడియం నర్సరీల నుంచి లారీ ఎక్కి వరంగల్ దాకా వచ్చారు. సంతోషమే. కానీ మీరొచ్చాక గేటు దగ్గర మందారానికీ నందివర్ధనానికీ కొలువు పోయింది. ఎందుకో నాకు తెలుసు.

మా మందారం కోసం పొద్దుగాలే కవర్లు పట్టుకుని భక్తులు దిగుతారు. ప్రహరీ మీంచి కొమ్మ వంచి, మొగ్గలతో సహా దూసి పట్టుకుపోతారు. మిగిలినవి కోతులకు. పుణ్యం వాళ్లది, ఎరువు ఖర్చు మాది. మీ జోలికి మాత్రం ఎవరూ రారు. ఏ దేవుడూ మిమ్మల్ని అడగడు, ఏ జడలోనూ ఇమడరు. తుంచితే పాలు కారతాయి, బట్టకంటితే మరక పోదు. ఎవరికీ ఏమీ పెట్టకుండా ఇంత రంగుగా బతకడం మీకే చెల్లింది.

బతుకమ్మకైనా కదులుతారేమో అనుకున్నా. మేం తెల్ల గునుగును కూడా వదలం, రంగునీళ్లలో ముంచి మరీ తాంబాలంలో పేరుస్తాం. తంగేడు కోసం ఊరి బయటిదాకా పోతాం. మీరేమో ఒళ్లంతా రంగు పెట్టుకుని, పద్మాక్షి గుట్టకు పోయే ఆడవాళ్లను గేటు దగ్గర నిలబడి చూస్తుంటారు.

పోనీ ఆ రంగైనా ఊరికే ఇస్తారా? పోర్టికో నీడలో పెడితే కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి. వెలుతురు చాలనప్పుడు క్లోరోఫిల్ పెంచుకుంటారు, ఎరుపూ పసుపూ మాయం. సరేనని మే నెల ఎండలోకి నెడితే అంచులు మాడ్చుకుంటారు. పొద్దుటి ఎండ కావాలి, మధ్యాహ్నం నీడ కావాలి. కుండీ చోటు మార్చామో, అలిగి ఆకులు రాల్చేస్తారు. మగపెళ్లివారు కూడా ఇన్ని అడగలేదు.

ఆకుల రంగు కోసమే పెంచే మీ బ్యాచ్‌లో మిగతావాళ్ల సంగతి ఇంకా విచిత్రం. కోలియస్ పూల కంకి వేయగానే, మొక్క పీలగా సాగుతుందని యజమాని గిల్లేస్తాడు. పూయడం నేరమైన తోట నేనెక్కడా చూడలేదు. డివైడర్ల మీది బంగారు డ్యురాంటాకు ఊదారంగు పూలొస్తాయి, కత్తెర రానిస్తే. మీకూ తెల్లటి సన్న పూలు పూస్తాయి. మీ ఓనర్లలో ఎందరు గమనించారో!

ఇంతకీ ఉత్తరం రాసింది తగువుకు కాదు, ఉద్యోగమివ్వడానికి. మా ప్రహరీ వెంట రోడ్డు వైపు మీరు వరుసగా నిలబడాలి, మందారం మీ వెనక ఉంటుంది. కవర్‌తో చెయ్యి చాపినవాళ్లకు ముందు మీరే తగలాలి, తెల్ల చొక్కా అయితే కాస్త ఎక్కువ పాలు కార్చాలి. జీతం పొద్దుటి ఎండ, మట్టి ఆరినప్పుడల్లా నీళ్లు. కోతుల డ్యూటీకి అలవెన్స్ వేరే మాట్లాడుకుందాం.

ఇట్లు,
మందారం తరఫున,
ఇంటి ఓనర్