కారు ఇంజనే కదా అంటే ఎలా?

"విమానం పిస్టన్ ఇంజన్ కూడా కారు ఇంజన్ లాంటిదే" అని విమాన ఇంజన్ల మీద వచ్చిన వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాలుగు స్ట్రోకుల వరకు నిజమే. కానీ చిన్న విమానం సెస్నా 172ఎస్‌లో ఉండే లైకమింగ్ ఇంజన్ చూడండి: నాలుగే సిలిండర్లు, 5.9 లీటర్లు, ఇచ్చేది 180 హార్స్‌పవర్. అంత పెద్ద ఇంజన్‌కి ఇంతేనా అనిపిస్తుంది. కారణం, అది నిమిషానికి 2700 చుట్లకి మించి తిరగకూడదు. మధ్యలో గేర్లు లేవు, ప్రొపెల్లర్ నేరుగా ఇంజన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. ఆ వేగంలోనే ప్రొపెల్లర్ కొసలు సెకనుకు దాదాపు 270 మీటర్లు పోతుంటాయి. ఇంకా పెంచితే ధ్వని వేగం దగ్గర పడి, చప్పుడు పెరిగినంతగా లాగుడు పెరగదు. అందుకే తక్కువ చుట్లలోనే బలం రావాలని సిలిండర్లు అంత పెద్దవి పెట్టారు.

వ్యాసంలో మాగ్నెటోల ఊసే ఎత్తలేదు, అది మాత్రం లోటే. ఇంజన్ తిరుగుతుంటే చాలు, బ్యాటరీతో పని లేకుండా స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పుట్టించేవే మాగ్నెటోలు. ప్రతి సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి రెండు విడి మాగ్నెటోలు. బ్యాటరీ చచ్చినా నిప్పురవ్వ ఆగదు. టేకాఫ్‌కి ముందు పైలట్ ఒక్కోటి ఆపి చూస్తారు, చుట్లు కొంచెం తగ్గాలి. అసలు తగ్గకపోతేనే అనుమానించాలి, ఆపామనుకున్న మాగ్నెటో ఆగలేదేమో! అలాంటి విమానాన్ని నిలిపి ఉంచినప్పుడు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజన్ ఉన్నట్టుండి స్టార్ట్ అయ్యి ప్రాణం మీదికి రావచ్చు.