మహారాజశ్రీ దొండపాదు గారికి

మా పెరట్లో, పంపు పక్కన, వెదురు పందిరి మీద వేంచేసి ఉన్న దొండపాదు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకుని ఆగిపోయాను. తమరు కుశలమే, అది కళ్ళకు కనిపిస్తూనే ఉంది. రోహిణి కార్తెలో తెనాలి పక్క పల్లెటూళ్ళో కూర్చున్నవాడు తాను కూడా కుశలమని ఎలా రాస్తాడు? రోళ్ళు పగిలే ఎండలంటారు. మా రోలు ఇంకా పగల్లేదు గానీ, మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

నేనెవరో తమరికి తెలుసు. ఉండేది హైదరాబాదులో, అయిదో అంతస్తులో. ఏటా వేసవిలో నాలుగు రోజులు వచ్చి పోయేవాణ్ణి. ఈసారి ఇంటి నుంచి పనిచేసుకోమన్నారు కాబట్టి నెల రోజులుగా తమరి పందిరి కిందే నులకమంచం వాల్చుకుని, వరండాలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాక్కుని ఉద్యోగం చేస్తున్నాను. పది దాటితే హాల్లో ఫ్యాను కూడా పొయ్యి ఊదినట్టు వేడిగాలే కొడుతుంది. తమరి ఆకులు చెమటలాగా నీటిని ఆవిరి చేసుకుంటూ ఉంటాయి కాబట్టి ఈ మూల ఒక్కటే మనిషి కూర్చోగలిగేలా ఉంది. అంచేత దీన్ని అద్దెకున్నవాడు ఇంటి ఓనరుకు రాసుకున్న ఫిర్యాదుగా భావించవచ్చు. అద్దె ఇవ్వడం లేదు కదా అనకండి, ఆ సంగతికీ వస్తాను.

నా మొదటి అభియోగం: తమరు కాస్తున్నారు.

కాలవలు కట్టేసి చాలా రోజులైంది. బీరపాదు ఎండిపోయింది. సొర తీగను నాన్న పీకేశారు. పొట్లకాయలు తిన్నగా సాగాలని అమ్మ కట్టిన రాళ్ళు మాత్రం పందిరికి వేలాడుతున్నాయి, కాయలు లేవు. ఇలాంటి నెలలో తమరొక్కరే రోజు విడిచి రోజు రెండు కిలోలు చొప్పున ఇస్తూ ఉంటే చూసేవాళ్ళకు ఎలా ఉంటుంది? పోనీ తాగేదేమైనా ఘనంగా ఉందా అంటే, బియ్యం కడిగిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు. పేనుబంక పడితే అమ్మ చల్లే గుప్పెడు బూడిదే మందు.

నా బాల్కనీ సంగతి తమరికి తెలియదు. గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, వేపనూనె, తడి కొలిచే మీటరు, అన్నీ కలిపి 4,200 రూపాయలు. వచ్చినవి ఏడు టమాటాలు. ఒక్కోటి ఆరు వందలు పడింది. వాటిని కొయ్యడానికి మనసొప్పక ఫొటోలు తీసి పెట్టాను, ఈలోగా రెండు పావురాల పాలయ్యాయి.

ఇందులో ఏదో మోసం ఉండి తీరాలని, నాన్న నిద్రపోయాక తమరి మొదట్లో కొంచెం తవ్వి చూశాను. మట్టి కింద లావుపాటి దుంప. బీర, సొర ఒక కాపు కాసి వెళ్ళిపోయే రకాలు. తమరు అలా కాదు, పీఎఫ్ దాచుకున్నట్టు వానాకాలంలో దాచుకుని ఎండాకాలంలో తీసి వాడుకునే బాపతు. నాన్న రిటైరైన ఏడాది పెట్టిన పాదు ఇది. ఆయన పీఎఫ్ ఇల్లు కట్టడంలో అయిపోయింది, తమరిది ఇంకా నడుస్తోంది. మళ్ళీ మట్టి కప్పేశాను, అయినా పొద్దున నాన్న అడిగారు: “పందికొక్కు ఏమైనా వచ్చిందా రాత్రి?”

రెండో అభియోగం దాగుడుమూతలు. పొద్దున ఆరింటికి అమ్మ బుట్ట చేతికిచ్చి “కోసుకురారా” అంటుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తలెత్తుకుని నడుస్తాను. మెడ పట్టేస్తుంది. ఇరవై కాయలు దొరుకుతాయి. అయిపోయాయమ్మా అని వచ్చి కూర్చుంటాను. అమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. ఆవిడ వెళ్ళి నేను ఇప్పటిదాకా నిలబడ్డ చోటే నిలబడి, చెయ్యెత్తి, పైకి చూడకుండానే పటపటా కోసి కొంగులో వేసుకుంటుంది. ఇంకో అరవై.

“ఎక్కడున్నాయమ్మా ఇవి?”

“ఉన్నచోటే ఉన్నాయిరా.”

ఆకుల మధ్య ఆకుపచ్చ కాయ, దాని మీద ఆకుసందుల్లోంచి పడ్డ ఎండలాగా తెల్ల చారలు. మనిషి కన్ను మోసపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? నాకు దొరక్కుండా తప్పించుకున్న కాయ నాలుగు రోజులకు ఎర్రగా పండి, పందిరి నడినెత్తిన కూర్చుని నన్నే చూస్తుంది. తర్వాత చిలకలొచ్చి నా ఎదురుగానే తింటాయి.

ఆ ఎరుపును చూసే కదా మన కవులు ఆడవాళ్ళ పెదవులన్నిటికీ తమరినే పోలిక తెచ్చారు. బింబాధర అన్న మాటలోని బింబఫలం తమరి పండే. జత కుదరనప్పుడు జనం అనే ‘కాకి ముక్కుకు దొండపండు’లో కూడా అందం తమరి వాటాకే వచ్చింది. (మా పెళ్ళిలో ఆ మాట ఎవరన్నారో, ఎవరిని చూసి అన్నారో ఇక్కడ అప్రస్తుతం.) పండుకు ఇంత కీర్తి ఉంటే కాయకు మాత్రం ‘తింటే బుద్ధి మందగిస్తుంది’ అనే అపవాదు. మా నాయనమ్మ పరీక్షల నెలలో తమరిని గడప తొక్కనిచ్చేది కాదు. ఇంటర్ లెక్కల పరీక్షకు ముందు రాత్రి మా హాస్టల్లో దొండకాయ కూర వండారు. ఆ మార్కులకు నేను ఇంట్లో చెప్పుకున్న కారణం అదొక్కటే. నాయనమ్మ నమ్మింది. నాన్న నమ్మలేదు. ఫిర్యాదు లేఖలో క్షమాపణ రాయకూడదని తెలుసు, అయినా ఇందుమూలంగా అది కూడా అందుకోగలరు.

ఇక్కడి నుంచి అభియోగాలకు నంబర్లు వెయ్యను, లెక్క తప్పింది.

ఆఫీసు పనికి తమరు చేస్తున్న నష్టం గురించి. మొన్న పదకొండింటి మీటింగ్ మొదలైనప్పుడు దారంలాంటి నులితీగ ఒకటి గాలిలో తడుముకుంటూ బట్టలారేసే తీగకు బెత్తెడు దూరంలో ఉంది. మీటింగ్ అయ్యేసరికి దాన్ని అందుకుంది. మీటింగులో ఏమీ తేలలేదు. సాయంత్రానికి మూడు చుట్లు. తర్వాత్తర్వాత మిగతా నులితీగ అంతా స్ప్రింగులా చుట్టుకుపోయి, తమరి కొమ్మను తీగ దగ్గరికి లాగేసింది. ఆ స్ప్రింగును దగ్గరగా చూశాను. సగం దాకా ఒకవైపు మెలి, మధ్యలో చిన్న ముక్క తిన్నగా, అక్కణ్ణుంచి ఎదురువైపు మెలి. ఎందుకా అని బుర్ర గోక్కుంటే తట్టింది: రెండు కొసలూ బిగించి ఉన్నదాన్ని ఒకే వైపు తిప్పుకుంటూ పోలేం. ఇటెన్ని చుట్లు పడితే అటూ అన్ని పడాల్సిందే. గాలివాన వస్తే ఆ స్ప్రింగు సాగుతుంది గానీ తెగదు. కళ్ళు లేవు, చేతులు లేవు, దానికి ఇంజనీరింగ్ ఎవరు చెప్పారు? ఈ వయసులో నేను నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. కెమెరా ఆన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది.

పక్కింటి పిన్నిగారి పందిరి చూశారా? పిట్ట వేసిన విత్తనం మొలిస్తే ఆవిడ ముచ్చటపడి పెంచుకున్నారు. పెంకుల దాకా పాకింది. చుక్కల్లా తెల్లటి పూలు, పందిరి నిండా. కాయ మాత్రం ఒక్కటీ లేదు. తమరి జాతిలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు అని అమ్మకు తెలుసు. అందుకే ఎప్పుడూ విత్తనం వెయ్యదు, కాసే తీగ నుంచి నాలుగు కణుపుల ముక్క కోసి గుచ్చుతుంది. పువ్వు వెనక పిందె లేకపోతే అది మగదని చూపిస్తూ “పూత బాగానే ఉంటుంది, పనికే రాదు, అచ్చం మీ నాన్నలాగా” అంది. పడక్కుర్చీలోంచి పేపరు కొంచెం కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

ఇక వంట. అసలు ఈ లేఖ రాయడానికి కారణమే అది.

అమ్మకు మోకాళ్ళ నొప్పి ఎక్కువై, ఆ పూట వేపుడు నేను చేస్తానన్నాను. కాయగూరను నూనెలో వెయ్యడమే కదా అనుకున్నాను. ముక్కలు వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి మెయిల్స్ చూసుకున్నాను. తమరు చేసిన పని: ఉన్న నీళ్ళన్నీ వదిలేసి, ఆ నీళ్ళలో ఉడికి, వానకు తడిసిన అట్టముక్కల్లా తయారవడం. నాన్న ఏమీ అనలేదు, ఆవకాయ జాడీ ఇటు జరపమన్నారు, అంతే. మర్నాడు అమ్మ పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, చేతులు నావి, మాటలు ఆవిడవిగా చేయించింది. తల, తోక తీసి చక్రాల్లా కొయ్యి, మరీ పల్చగా వద్దు. లోపల ఎర్రబడింది పక్కన పడెయ్యి, పుల్లగా ఉంటుంది. ఇనుప మూకుడు పెట్టు. మూత ముట్టుకోకు. ఉప్పు చివర్లో. కెలక్కు, అడుగు నుంచి తిరగెయ్యి. ఎంతసేపమ్మా అంటే గడియారం చూడలేదు, “చప్పుడు మారేదాకా” అంది.

చప్పుడు! నా మానాన నేను వింటూ నిలబడ్డాను. మొదట్లో చినుకులు పడ్డట్టు చిటపట. పది నిమిషాలకు జోరువాన. తర్వాత వాన వెలిసినట్టు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ముప్పావు గంట దాటాక, అట్లకాడకు ముక్కలు తగిలితే ఎండుటాకుల మీద నడిచినట్టు గలగల. “ఇదిగో, ఇప్పుడెయ్యి ఉప్పు” అంది, వంటింట్లో కూడా లేదు, వరండాలోంచి. వెల్లుల్లి, ఎండుకొబ్బరి, జీలకర్ర, కారం దంచిన పొడి వేసి దించాను. మూకుడు నిండా పోసినవి గిన్నెడు కూడా లేవు. రెండు కిలోల తమరిని ముగ్గురం ఒక్క పూటలో ముద్దపప్పు, నెయ్యితో కలిపి తినేశాం. నాన్న ఆవకాయ అడగలేదు. ఈ ఇంట్లో ఇంతకు మించి పొగడ్త ఉండదని నాకు తెలుసు, అందుకే ఆ సంగతి మా ఆవిడకు ఫోన్ చేసి మరీ చెప్పాను. “ఇక్కడికొచ్చి చెయ్యి, అప్పుడు చూద్దాం” అంది.

తినగా మిగిలినవాటి సంగతి. ఊళ్ళో అందరికీ పంచుతాం. ఇచ్చిన గిన్నె ఉత్తది తిరిగి పంపకూడదన్నది మా ఆడవాళ్ళ రాజ్యాంగం. తమరు వెళ్ళిన గిన్నెలో సాయంత్రం తాటిముంజలొచ్చాయి. ముంజలు ఎదురింటికి వెళితే మామిడి ఒరుగులొచ్చాయి. ఇలా నాలుగిళ్ళు తిరిగి గురువారం నాడు ఒక గిన్నెలో దొండకాయలే వచ్చాయి. అమ్మ ఒకటి తీసి తొడిమ చూసి “మనవే, నేను గిల్లిన గిల్లుడే” అని తేల్చేసింది. డబ్బులు చేతులు మారకుండా వారం రోజులు నాలుగిళ్ళ కంచాలు నిండాయి. దీనికి జీఎస్టీ ఎవరు కట్టాలి?

తమరికి విదేశాల్లో ఉన్న పేరు గురించి కూడా విచారించాను. అమెరికాలో, హవాయి దీవుల్లో, తమరు హానికరమైన కలుపు కింద ప్రభుత్వ జాబితాకెక్కారు. చెట్లు, కంచెలు, స్తంభాలు ఏదీ వదలకుండా కప్పేస్తున్నారట. మందులతో లాభం లేక, తమరి కాండాన్ని తొలిచే చిమ్మటను కెన్యా నుంచి తెచ్చి 1996లో వదిలారు. 1999లో ముక్కుపురుగులను కూడా దించారు. సముద్రాలు దాటించి పురుగులను తెచ్చే బదులు, ఒక ఇనుప మూకుడుతో సహా మా అమ్మకు వీసా ఇచ్చి ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు. విమానం దిగగానే ఆవిడ అడిగే మొదటి మాట తెలుసు: “ఇన్ని కాయలు చెట్లకు ఒదిలేశారేమిటమ్మా?”

ఒక సలహా. వేసవి అంటే లోకం మామిడిని, మల్లెను, ముంజను తలుచుకుంటుంది. వాళ్ళు వచ్చేది కొన్నాళ్ళే, అందుకని ఎదురుచూస్తారు. తమరు ఎప్పుడూ ఉంటారు, అదీ పెరట్లో. పెరటి చెట్టు వైద్యానికి రాదని సామెత ఉండనే ఉంది. ఓ రెండు నెలలు ముఖం చాటేసి చూడండి, కిలో మూడొందలకు అమ్ముతారు, తమరిని కూడా ఫొటోలు తీసుకుంటారు. ఈ సలహా అమ్మకు చెబితే మాత్రం ఒప్పుకోదు.

అద్దె విషయానికొస్తే, నాలుగు కణుపుల ముక్క ఒకటి కోసి, తడిగుడ్డలో చుట్టి, అయిదో అంతస్తుకు తీసుకెళుతున్నాను. అక్కడ తడి మీటరు పీకేసి అంట్లు తోమిన నీళ్ళే పోస్తానని హామీ ఇస్తున్నాను. మా అపార్ట్‌మెంటువాళ్ళు కంప్లయింట్ చేసే దాకా పాకండి, ఆ తర్వాత చూసుకుందాం.

ఇక ఒక్క మనవి. నా రైలు రేపు పొద్దున్నే. లాప్‌టాప్ ఛార్జరు వైరును నిన్న పందిరి గుంజకు తగిలించి మర్చిపోయాను. ఇందాక తీయబోతే తమరి నులితీగ ఒకటి అప్పటికే మూడు చుట్లు వేసుకుని ఉంది. కత్తెర తెచ్చాను. అమ్మ చూసి “ఇప్పుడే పట్టుకుందిరా, దాన్నేం చెయ్యకు, రైలు మార్చుకో” అంది.

ఎల్లుండికి టికెట్ దొరికింది. దయచేసి ఈలోగా వదలగలరు.

ఇట్లు,
తమరి పందిరి కింద అద్దెకున్నవాడు