అడ్డంకిని కొలవాల్సింది వారే

ప్రభుత్వ కార్యాలయం మెట్ల పక్కన సిమెంటు వాలు ఒకటి కనిపిస్తుంది. తనిఖీకి వచ్చిన అధికారి ‘ర్యాంపు ఉంది’ అని రాసుకుని వెళ్తారు. అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు వాలు ఉండాలన్నది ప్రమాణం. నాలుగు అడుగులతో ముగించిన వాలు చక్రాల కుర్చీలో వచ్చిన మనిషికి ఎక్కరాని గుట్టే. పైకి చేరినా గడప అడ్డం, మరుగుదొడ్డి తలుపు ఇరుకు. ఇవేవీ తనిఖీ పత్రంలోని గడులకు ఎక్కవు. రోజూ వాటితో తలపడే మనిషి కంటికే అవి కనిపిస్తాయి. వికలాంగుల జీవితాలపై జరిగే పరిశోధన వారి చేతుల మీదుగానే జరగాలని మేము కోరుతున్నది ఇందుకే.

ఆ పని చేస్తే ఏమవుతుందో సుప్రీంకోర్టులోనే తేలింది. రోడ్లు, భవనాలు, రవాణా వికలాంగులకు అందుబాటులో ఉండాలని కోరుతూ చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్‌పై 2017లో ఆదేశాలు వెలువడినా అమలు ముందుకు సాగలేదు. వాస్తవ పరిస్థితిపై నివేదిక ఇవ్వమని న్యాయస్థానం హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. వికలాంగులు స్వయంగా చెప్పిన అనుభవాలు ఆ నివేదికలో చోటు చేసుకున్నాయి. 2024 నవంబరు 8న వచ్చిన తీర్పు, వికలాంగుల హక్కుల నియమావళి (2017)లో అందుబాటు ప్రమాణాల గురించి చెప్పే 15(1) నిబంధన మూల చట్టమైన 2016 వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని తేల్చింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నిబంధన సలహాగా మార్చేసింది. ఆశయాలనే పైకప్పు వేసి, కనీస ప్రమాణాలనే నేలను మరిచింది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించడానికి కేంద్రానికి ఇచ్చిన మూడు నెలల గడువు 2025 ఫిబ్రవరిలోనే దాటిపోయింది.

వికలాంగులే తమ స్థితిని పరిశోధించడానికి తెలుగు ఊళ్లలో పునాది ఎప్పుడో పడింది. ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలనకు తెచ్చిన ‘వెలుగు’ పథకం కింద వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్డీటీ) ఊరూరా వికలాంగుల సంఘాలను నిలబెట్టింది. ఏ బిడ్డ బడికి దూరమైందో, ఏ ఇంట్లో మనిషి మంచానికే పరిమితమయ్యాడో ఆ సంఘాలకు తెలుసు. ఆ తెలివిడికి మాత్రం ప్రభుత్వ దస్త్రాల్లో విలువ దక్కలేదు. వైకల్య ధ్రువపత్రాల కోసం నడిపే సదరం శిబిరం శరీరంలోని లోపాన్ని శాతాల్లో కొలుస్తుంది. 40 శాతం గీతను చేరినవారికే పింఛనుకు అర్హత. బస్సు మెట్టు ఎంత ఎత్తున ఉందో ఏ శిబిరమూ కొలవదు. (పిలిచే పేరు దగ్గరా వారి మాటకు విలువ దక్కలేదు. ప్రభుత్వం తెచ్చిన ‘దివ్యాంగులు’ అన్న మాటను అనేక సంఘాలు ఒప్పుకోలేదు. తమ పేర్లలో సంఘాలు ఉంచుకున్న ‘వికలాంగులు’ అన్న మాటనే మేము వాడుతున్నాము.)

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. అప్పుడు లెక్కించినవి ఎనిమిది రకాల వైకల్యాలే. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అసలు లోటు ప్రశ్నలోనే ఉంది. ‘మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?’ అని ముక్కూమొహం తెలియని మనిషి వాకిట్లో నిలబడి అడిగితే, పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ‘లేరు’ అనే జవాబు రావడంలో ఆశ్చర్యమేముంది? కళ్లజోడు పెట్టుకున్నా చూడటం కష్టంగా ఉందా, మెట్లెక్కడం ఇబ్బందా, విషయాలు గుర్తుంటున్నాయా అని అడిగే పద్ధతి అంతర్జాతీయంగా ఎప్పటినుంచో వాడుకలో ఉంది. అడిగేది సాటి వికలాంగురాలైతే ఆ ఇంటి తల్లి మరికాస్త మనసు విప్పుతుంది. 2027 ఫిబ్రవరిలో జరగాల్సిన జనగణనకు సిబ్బందిని సిద్ధం చేసేటప్పుడు, శిక్షణ తరగతుల్లో పాఠం చెప్పే బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాలూ వికలాంగుల సంఘాలకు అప్పగించాలి.

కష్టాలు చెప్పించుకుని, ఫొటోలు తీసుకుని మళ్లీ ముఖం చూపని పరిశోధకుల వల్ల ఊళ్లకు ఒరిగేది లేదు. సర్వే చేసే వికలాంగులకు వేతనం, ప్రయాణ ఖర్చు, సంజ్ఞా భాష దుబాసీ ఖర్చు మొదటే కేటాయించాలి. మేధో వైకల్యం ఉన్నవారి మాట వారి నోటనే వినాలి. ఇంట్లోవాళ్లు బదులు చెబితే సరిపోదు. సిద్ధమైన నివేదికను కలెక్టరుకు పంపే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. చెవులు వినిపించనివారికి సంజ్ఞల్లో చెప్పాలి, చూపులేనివారికి బ్రెయిలీ ప్రతి ఇవ్వాలి. తాము చెప్పింది ఇది కాదని ఎవరైనా అంటే అక్కడే, వారి ఎదుటే దిద్దాలి.