అధ్యక్షా, సిగ్నల్ లేదు

చట్టసభల ప్రత్యక్ష ప్రసారాల గురించి ఈ దేశంలో చాలామంది రాస్తున్నారు. ప్రొఫెసర్లు రాస్తున్నారు, రిటైరైన సెక్రటరీలు రాస్తున్నారు, తమ ప్రసంగాలు ఎంత గొప్పగా వచ్చాయో ఎంపీలు తామే రాసుకుంటున్నారు. వీళ్లలో ఒక్కరూ కేబుల్ స్తంభం ఎక్కినవాళ్లు కారు. అందుచేత ఈ విషయం మీద నోరు విప్పే అర్హత ఎవరికైనా ఉంటే అది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా ఇంటింటికీ వైరు లాగుతున్న నాకే ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ప్రొఫెసర్లకి సర్వేలుంటాయి. నాకు ఫోనుంది. సాయంత్రం సీరియల్ టైములో రెండు నిమిషాలు సిగ్నల్ పోతే ఆ ఫోను పెనంలా కాలిపోతుంది. క్రికెట్ పోతే ఫోన్ చెయ్యరు, నేరుగా ఇంటికే వస్తారు. భక్తి చానల్ పోతే మా అమ్మకి చెప్తారు, అది అన్నిటికంటే ప్రమాదం. ఇక 2009లో లోక్‌సభ టీవీకి పెట్టిన రిసీవరు కాలిపోయింది. బాగుచేయించడానికి బరంపురం పంపితే తిరిగి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పర్లాకిమిడి పార్లమెంటు లేకుండానే బతికింది. పాలవాడు వచ్చాడు, బడులు తెరిచారు, మహేంద్రతనయ తన మానాన తాను పారింది. పదకొండో రోజు రాత్రి ఒక్క ఫోను. మా వీధి తెలుగు మేస్టారు.

"ఏరా నాయనా, సభ వాయిదా పడిందా, నీ వైరు తెగిందా?"

"రిసీవరు పోయింది మేస్టారూ. ఈ రోజే చూశారా?"

"వారం పైనే అయిందిలే. వాయిదా పడిందేమో అనుకుని ఊరుకున్నాను."

పిల్లలకి ముప్పై ఏళ్లు ఛందస్సు చెప్పిన మనిషి ఆయన. గణం తప్పితే గోడ అవతల నుంచి పట్టేస్తారు. అలాంటాయనకే ఖాళీ తెరకీ వాయిదా పడ్డ సభకీ తేడా తెలియడానికి అన్నాళ్లు పట్టింది. మిగతా ఊరికి ఇప్పటికీ తెలీదు.

కేబుల్ టీవీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం దూరదర్శన్ చానళ్లతో పాటు పార్లమెంటు చానళ్లు కూడా నేను ఇచ్చి తీరాలి. జనం చూసి తీరాలని మాత్రం అందులో రాయలేదు. రాసినవాళ్లకి ముందుచూపు ఉంది. 2006లో లోక్‌సభ టీవీ, 2011లో రాజ్యసభ టీవీ వచ్చాయి. 2021 సెప్టెంబరు 15న రెంటినీ కలిపి సంసద్ టీవీ అన్నారు. కలిపాక కూడా రెండు చానళ్లుగానే వస్తుంది. ఉమ్మడి కుటుంబం అంటూనే రెండు పొయ్యిలు పెట్టుకునే ఇళ్లు మా వీధిలోనూ ఉన్నాయి కాబట్టి మాకేం వింతగా అనిపించలేదు.

అసలు చిక్కు ప్యాకుల్లో ఉంది. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది కాబట్టి మామూలు ప్యాకులో ఒడియా చానళ్లు వరసాగ్గా ఉంటాయి. తెలుగు ప్యాకు కావాలంటే పైన కట్టాలి. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త లెక్క తెచ్చినప్పుడు మొదటి వంద చానళ్లకి 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. పే చానళ్ల ఖరీదు ఆపైన. అంటే భువనేశ్వర్ సభలో తిట్టుకునేది మామూలు ప్యాకులో వస్తుంది, అమరావతి సభలో తిట్టుకునేది వినాలంటే అదనం. మాకు ఒడియా రాదని కాదు, బ్రహ్మాండంగా వచ్చు. కాని కోపం పరభాషలో వింటే చల్లారిన ఉప్మాలా ఉంటుంది. వేడిగా కావాలంటే డబ్బు పెట్టాల్సిందే. మాకు ఓటున్న సభలో మా భాష లేదు, మా భాష ఉన్న సభలో మాకు ఓటు లేదు. 210వ అధికరణం ఒక దారి చూపించింది, రాజ్యాంగం మంచిదే. సభ భాషలు సరిగా రాని సభ్యుడు స్పీకర్ అనుమతిస్తే మాతృభాషలో మాట్లాడొచ్చట. మా దగ్గర గెలవాలంటే ఒడియా అనర్గళంగా వచ్చి తీరాలి కాబట్టి ఆ అవకాశం వాడుకునేవాడు గెలవడు, గెలిచినవాడికి అవసరముండదు.

మాకంటే కొటియా వాళ్లు అదృష్టవంతులు. అటు కొరాపుట్, ఇటు సాలూరు, మధ్య కొండల మీద 21 ఊళ్లు. రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. కేసు 1968 నాటిది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోయింది. అక్కడ చాలామంది చేతిలో రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఒక్క మనిషి కోసం రెండు సభలు అరుచుకోవడం దేశంలో ఇంకెక్కడుంది? 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి బడ్జెట్ ప్రసంగంలో దేశమంటే మట్టి కాదన్న గురజాడ మాట చెప్పినప్పుడు మా కంట్రోల్ రూములో అందరం చప్పట్లు కొట్టాం. తరవాత గుర్తొచ్చింది, కొటియాలో నడుస్తున్న కేసు మట్టి గురించే.

కంట్రోల్ రూము అంటే పెద్దగా ఊహించుకోకండి. మేడ మీద రేకుల షెడ్డు, ఒక ఫ్యాను, రెండు మానిటర్లు. సమావేశాల రోజుల్లో ఎడమ దాంట్లో భువనేశ్వర్, కుడి దాంట్లో అమరావతి పెడతాను. రెంటికీ సౌండు ఉండదు, ఉంటే ఫోను వినపడదు. ఎడమవైపు 147 మంది, కుడివైపు 175 మంది, ఆబ్సెంటులు పోను. చాలా ఏళ్లు ఇలా చూశాక నాకు ఒక విద్య పట్టుబడింది. పెదవులు చూడక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. చూపుడువేలు లేస్తే పాత ప్రభుత్వం సంగతి. రెండు చేతులూ విప్పితే నిధుల్లేవు. కాగితాలు గాల్లోకి లేస్తే పావుగంట వాయిదా, టీ తాగి రావచ్చు. 2024లో అక్కడా ఇక్కడా ఒకేసారి ఎన్నికలొచ్చి రెండు ప్రభుత్వాలూ మారాయి. పోడియం దగ్గర ప్లకార్డులు పట్టుకున్న చేతులు బల్లలు చరచడం మొదలెట్టాయి, బల్లలు చరిచిన చేతులు కుర్చీలకి దూరమయ్యాయి. చేసే సైగలు మాత్రం అవే. వాటిని మనుషులవి అనుకున్నాను ఇన్నాళ్లూ, కుర్చీలవి.

సౌండు పెట్టినప్పుడు ఒక్క తేడా తెలుస్తుంది. ఇటు వాళ్లు "అధ్యక్షా" అంటారు. ఒడియాలో స్పీకర్ని "వాచస్పతి" అంటారు. మాటలకు అధిపతి అని దాని అర్థం, పురాణాల్లో అది బృహస్పతి పేరు. దేవతల గురువుకి పెట్టిన పేరు తెచ్చి, రోజంతా "కూర్చోండి, కూర్చోండి" అని తప్ప ఇంకో మాట అనడానికి వీల్లేని కుర్చీకి పెట్టారు. ఇంత సున్నితమైన వ్యంగ్యం నాకు చేతకాదు, ఒప్పుకుంటున్నాను.

భాష సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను, వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడింది మా ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూనే. ఆయన గెలిచారని పుస్తకాల్లో రాస్తారు. సభలో చూస్తే సగమే గెలిచారనిపిస్తుంది. మైకు ఉన్నంతసేపు "గౌరవ సభ్యులు వాస్తవాలను వక్రీకరించుచున్నారు" అని గ్రాంథికం. మైకు కట్ కాగానే నిక్కమైన వ్యావహారికం. ఆ వ్యావహారికాన్ని తరవాత రికార్డుల్లోంచి తొలగిస్తారు. తొలగించినట్టు ప్రకటించేసరికి అది లైవులో మా ఊరు దాటి పాతపట్నం వెళ్లిపోయి ఉంటుంది. మా అమ్మకి ఎనభై దగ్గర పడుతోంది. అంతకుముందు ఎన్నడూ వినని రెండు మాటలు సభ చూసే నేర్చుకుంది. "రికార్డుల్లోంచి తీసేశారమ్మా, అనకూడదు" అంటే, "నాను రికార్డుల్లో ఇన్నానేటి, టీవీల ఇన్నాను" అంది. చట్టపరంగా దీనికి జవాబు నా దగ్గర లేదు.

గిడుగు వారి సంగతి ఇంకొకటి ఉంది. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన నిరసనగా పర్లాకిమిడే వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. అదీ వాకౌట్ అంటే. ఇప్పుడు చేసే వాకౌట్లు క్యాంటీన్ గుమ్మం దాటడం లేదు.

సాయంత్రం చర్చల గురించి ఎక్కువ చెప్పను. తెర మీద ఎనిమిది కిటికీలు, ఎనిమిది కిటికీల్లోంచీ ఒకేసారి మాటలు, కింద ఎర్ర పట్టీ. ఇంట్లో పెళ్లి సంబంధాల గొడవ కూడా ఇంతకంటే క్రమంగా నడుస్తుంది. ఓసారి మా కుర్రాడొకడు ఫోన్ ఇన్‌కి లైను దొరకబుచ్చుకున్నాడు. టీవీ వాల్యూమ్ తగ్గించమన్నారు, తగ్గించాడు. ఎక్కడి నుంచి అన్నారు. పర్లాకిమిడి అన్నాడు. "శ్రీకాకుళం జిల్లానా అండీ?" "కాదండి, గజపతి జిల్లా, ఒడిశా." ఒక్క క్షణం నిశ్శబ్దం. "ధన్యవాదాలండీ, తర్వాతి కాలర్." మావాడు ప్రశ్న రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. తాగునీటి గురించి.

అయితే ఒక మాట. ఈ కెమెరాలన్నీ చూపించేది అయిపోయిన పెళ్లికి రిసెప్షను లాంటిది. సంబంధం కుదిరేది లోపలి గదిలో. పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 31 మంది. అధికార్లని పిలిపించి కాగితాలు ముందేసుకుని ప్రశ్నలు వేసేది అక్కడ. అరుపులుండవంటారు, ప్లకార్డులుండవంటారు. కెమెరా కూడా ఉండదు. దాన్ని 'ఇన్ కెమెరా' అంటారట, తలుపులు మూసుకుని అని అర్థమట. కెమెరా బొమ్మలు ఇంటింటికీ మోసే వృత్తి నాది కాబట్టి ఈ మాటకి నేను చాలాకాలం మోసపోయాను, ఎప్పుడో ఒకప్పుడు సిగ్నల్ వస్తుందని ఎదురుచూశాను కూడా. అమెరికాలో 1973లో వాటర్‌గేట్ కుంభకోణం మీద ఇలాంటి కమిటీ విచారణే టీవీల్లో వేశారు. అధ్యక్షుడి గదిలో టేపులు తిరుగుతున్నాయని సాక్షి ఒకాయన చెప్తుంటే జనం ఇళ్లల్లో కూర్చుని విన్నారు. మరుసటేడు అధ్యక్షుడు నిక్సన్ ఇంటికి పోయాడు. మన కమిటీలకి ఈ కథ ఎవరో ముందే చెప్పి ఉంటారు.

మా ఊరికి లోపలి గదుల సంగతి ముత్తాతల నాడే తెలుసు. 1933లో ఇంగ్లీషు వాళ్ల శ్వేతపత్రంలో ఒడిశా గీత గీసినప్పుడు పర్లాకిమిడి దానికి బయటే ఉంది. తరవాత లండన్లో లిన్‌లిత్‌గో గారి అధ్యక్షతన పార్లమెంటు జాయింట్ కమిటీ కూర్చుంది. మా ఊరి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారు ఒడిశా తరఫున గట్టిగా నిలబడ్డారు. కమిటీ లేచేసరికి గీత ఊరిని చుట్టి అవతలికి పోయింది. 1936 ఏప్రిల్ 1న మేం నిద్ర లేచిన రాష్ట్రం వేరు. అదే ఏడాది నవంబరు 2న లండన్లో బీబీసీ టీవీ ప్రసారాలు మొదలెట్టింది. ఏడు నెలలు. ఆ ఏడు నెలలు గనక ఆగి ఉంటే, కనీసం ఎవరెవరు బల్లలు చరిచారో తెలిసేదని మేస్టారు ఇప్పటికీ బాధపడతారు.

ఆ బాధ తీరే రోజు 2014 ఫిబ్రవరి 18న వచ్చిందనుకున్నాం. అవతల తెలుగు రాష్ట్రం రెండుగా విడిపోయే బిల్లు లోక్‌సభలో ఉంది. అయిదు రోజుల ముందే సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, దేశమంతా దగ్గింది. మా ఊళ్లో సగం ఇళ్లకి పాతపట్నంలోనో టెక్కలిలోనో వియ్యాలవారున్నారు, కాబట్టి మధ్యాహ్నం అన్నాలు తొందరగా తినేసి అందరూ లోక్‌సభ టీవీ ముందు కూర్చున్నారు. అవును, లోక్‌సభ టీవీ ముందే. నా సర్వీసులో మొదటిసారి, ఇప్పటిదాకా ఆఖరిసారి. సరిగ్గా అసలు పని మొదలయ్యే వేళకి ప్రసారం ఆగిపోయింది.

ఫోన్లు మొదలయ్యాయి. సీరియల్ పోయినప్పుడు కూడా అన్ని రాలేదు. "ఏటండీ, ఇప్పుడే పోవాలా?" "కావాలని తీసేసినావేటి?" ఒకాయన, పేరెందుకు, ఏ పార్టీ దగ్గర ఎంత తీసుకున్నానని అడిగాడు. నేను నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కాను. యాంప్లిఫయరు చూశాను, జాయింటు చూశాను, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. సీరియళ్లు వస్తున్నాయి, వంటలు వస్తున్నాయి, పార్లమెంటు ఒక్కటే లేదు. కిందికి దిగి అందరికీ మా వృత్తిలో అనాదిగా చెప్పే మాటే చెప్పాను: "పైనుంచే రావట్లేదండి." ఒక్కరూ నమ్మలేదు. నా జన్మలో నేను నూటికి నూరుపాళ్లు నిజం చెప్పిన రోజు అదొక్కటే.

ఢిల్లీ వాళ్లు సాంకేతిక లోపం అన్నారు. ఇక్కడ నేను వృత్తిపరంగా ఒక వివరణ ఇవ్వాలి. కారణం తెలియనప్పుడు కేబుల్ వాడు "పైనుంచే రావట్లేదు" అంటాడు. కారణం బాగా తెలిసినప్పుడే "సాంకేతిక లోపం" అంటాడు. వాళ్ల సంగతి నేను చెప్పను, మా సంగతి చెప్తున్నాను. 1936లో మమ్మల్ని విడదీసినప్పుడు టీవీ లేదు. 2014లో వాళ్లని విడదీసినప్పుడు టీవీ ఉంది, బొమ్మ లేదు. ప్రసార రంగంలో మధ్యన జరిగిన అభివృద్ధి అంతా నేను కళ్లారా, స్తంభం మీది నుంచి చూశాను.

మొన్న సమావేశాలప్పుడు మేస్టారు మళ్లీ ఫోన్ చేశారు. ఇప్పుడు మనవడు పెద్ద టీవీ కొనిచ్చాడు. "ఏరా నాయనా, బొమ్మ ఉంది, మాట రావట్లేదు." వెళ్లాను. సెట్ టాప్ బాక్సు చూశాను, వైరు చూశాను. ఆఖరికి రిమోట్ చూస్తే మ్యూట్ నొక్కి ఉంది.

"ఎప్పట్నుంచి మేస్టారూ?"

"నిన్న పొద్దుట్నుంచి."

"మరి నిన్ననే చెప్పలేదేం?"

"సభలో మైకులు కట్ చేశారనుకున్నాన్రా."

మ్యూట్ తీశాను. గది నిండా అరుపులు. మేస్టారు కళ్లద్దాలు సర్దుకుని ఒక నిమిషం శ్రద్ధగా విన్నారు. తరవాత నా చేతిలోంచి రిమోట్ తీసుకుని, ఎక్కడ నొక్కాలో నన్నే అడిగి, మళ్లీ నొక్కేశారు.